తలకిందుల గుంజ

పోయిన వారం పోలరాజు ఇంటి పెరట్లో గొయ్యి తవ్వించి, దాని చుట్టూ అందరినీ నిలబెట్టి, గేటు చప్పుడైన చోట మనం ఆగాం. వచ్చింది ఎవరో చెప్పకుండా ఆపేసినందుకు నన్ను తిట్టుకున్నవాళ్ళు కొందరైనా ఉంటారు. తిట్టుకుంటే తిట్టుకున్నారు. ఆ వచ్చినవాడు పెరట్లో అడుగుపెట్టడానికి పడ్డ బాధ ముందు మీరు వారం రోజులు ఎదురుచూసిన బాధ ఏపాటిది?

కొత్తగా ఈ పేజీ తిప్పినవాళ్ళ కోసం రెండు ముక్కలు. పోలరాజు మిలిటరీ పెట్టెల వడ్రంగి. బదిలీ మీద ఊళ్ళు మారే ఆఫీసర్ల సామాను కోసం చెక్కపెట్టెలు చేసి, నల్ల రంగు వేసి, మీద తెల్ల అక్షరాలతో పేరూ ఊరూ రాసి ఇస్తాడు. అతని పెట్టెలు దేశమంతా తిరిగాయి. అతను మాత్రం విజయనగరం వైపు నుంచి వచ్చి సికింద్రాబాద్ స్టేషన్లో దిగినవాడు మళ్ళీ ఎక్కడికీ కదల్లేదు. రెజిమెంటల్ బజార్లో అతను అద్దెకుంటున్న కొట్టుని కూల్చి కాంప్లెక్సు కడతామని దాని సొంతదారు చెప్పేశాడు. దాంతో పద్మారావు నగర్లోని తన ఇంటి పెరట్లోనే గుంజలు పాతి, పైన రేకులు వేసి వర్క్‌షాపు కట్టుకుందామని పోలరాజు నిశ్చయించుకున్నాడు. ఇంటీరియర్ డిజైన్ ఆఫీసులో పనిచేసే కూతురు పూజిత ప్లాను గీసింది. అంతా సవ్యంగా ఉందనుకునే సమయంలో భార్య అప్పలలక్ష్మి ఒక మెలిక పెట్టింది. పెళ్ళిపందిరైనా, పని షెడ్డయినా తొలి గుంజంటే రాటే, ఆ రాట ఇల్లాలి పుట్టింటి చెయ్యి వెయ్యాలి, అది తమ ఇళ్ళల్లో ఆనవాయితీ అంది. అంటే తన తమ్ముడు సూరి రావాలన్నమాట. ఆ సూరికీ పోలరాజుకీ మాటల్లేక ఎంత కాలమైందంటే, అప్పుడు పలక పట్టుకుని తిరిగిన పూజిత ఇప్పుడు జీతం తెస్తోంది.

వచ్చింది సూరే.

స్కూటర్ గేటు బయట ఆపి, ఇంట్లోంచి రాకుండా పక్క సందులోంచి పెరట్లోకి వచ్చాడు. ఒంటి మీద ఫంక్షన్ హాలు వాళ్ళిచ్చిన నీలం చొక్కా ఉంది. డ్యూటీలో పర్మిషన్ అడిగి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు. ఒకప్పుడు ఈ మనిషి చెవి వెనక పెన్సిల్ లేకుండా పెళ్ళికి కూడా వెళ్ళేవాడు కాదు. ఇప్పుడు చెవి వెనక ఏమీ లేదు, జుట్టు మాత్రం నెరిసింది.

"రా మావయ్యా," అంది పూజిత.

అప్పలలక్ష్మి తమ్ముణ్ణి చూడగానే గబగబా ఎదురెళ్ళింది. ఎన్నో అనాలనుకుని, "టిఫిన్ తిన్నావేట్రా?" అనేసింది.

"తిన్నానక్కా."

పోలరాజు తలెత్తలేదు. గొయ్యి పక్కన గొంతుక్కూర్చుని, నిన్న కొలిచిన లోతునే మళ్ళీ కొలిచాడు. రాత్రికి రాత్రి గొయ్యి లోతు తగ్గుతుందా ఏమిటి? ఎదుటి మనిషి మొహం చూడ్డం ఇష్టంలేనప్పుడు వడ్రంగి చేతిలో టేపు ఉండటం ఎంత సుఖమో!

పెరడంతా పూజిత ముగ్గుపిండితో గుర్తులు పెట్టి ఉంచింది. గుంజ వచ్చే ప్రతి చోటా ఒక సున్నా. నిలువెత్తు ప్లైవుడ్ షీటు పట్టుకుని మనిషి అటూ ఇటూ తిరిగినా ఏ గుంజకీ తగలకూడదు, తయారైన పెట్టెలు ట్రాలీ ఆటో ఎక్కడానికి సందు వైపు దారి ఉండాలి, వాన నీళ్ళు పక్కింటి శారదమ్మ గోడ మీద పడకుండా రేకుల వాలు తమ కాలువ వైపే రావాలి. ఆ పిల్ల ఆలోచించని సంగతి లేదు. శారదమ్మ మధ్యాహ్నం కునుకు తీసే వేళ రంపం మిషను ఆపేస్తామని మాట కూడా ఇచ్చింది. ఆ మాట ఇచ్చాకే శారదమ్మ గోడ అవతలి నుంచి పోరు మాని, ఇవాళ పసుపు కుంకుమల పళ్ళెంతో గోడ ఇవతలికి వచ్చింది.

ప్లానులో గొడవ వచ్చిందల్లా గుంజల దగ్గరే. ఇనప పైపులు బిగిస్తే రెండ్రోజుల్లో లేస్తుంది కదా నాన్నా అని పూజిత అంటే, "కర్రపని చేసేవోడి షెడ్డుకి ఇనప కాళ్ళేటే?" అని పోలరాజు ఇంతెత్తున లేచాడు. చివరికి మద్ది గుంజలే తెప్పించాడు. భూమిలోకి దిగే మొదలు భాగాన్ని మంట మీద తిప్పుతూ పైపైన కాల్పించి, దాని మీద వేడి తారు పూయించాడు. చెద పట్టకుండా, తడి ఎక్కకుండా చేసే ఏర్పాటది. మొదలు కిందికి, కొస పైకి. చెట్టుగా ఉన్నప్పుడు ఎలా నిలబడిందో గుంజయ్యాకా అలాగే నిలబడాలి. ఉలి పట్టిన మొదటి రోజే నేర్పే పాఠం ఇది.

ఆ పాఠం దగ్గరే సూరి బతుకు దెబ్బతింది. రెజిమెంటల్ బజార్ కొట్టు వెనక ఖాళీ జాగాలో ఒకప్పుడు బావా బావమరుదులిద్దరూ కలిసి ఇలాంటి షెడ్డే వేశారు. రెండో వానాకాలంలో, అన్నిటికన్నా ముందు పాతిన మూల గుంజ నేల మట్టానికి పుటుక్కున విరిగింది. దూలం వచ్చి పోలరాజు కుడి చేతి మీద పడింది. ఆ చేతి వేళ్ళు ఇవాల్టికీ సరిగ్గా ముడుచుకోవు. విరిగిన గుంజని చూస్తే తారు పూసిన మొదలు పైనుంది. ఏమీ పూయని కొస భూమిలో ఉంది. దాన్ని చెద లోపల్లోపలే తినేసింది. ఆ గుంజ పాతింది సూరి. ఆసుపత్రి నుంచి కట్టుతో వచ్చిన పోలరాజు, పక్కనే ఉన్న హరికిషన్ మేకుల కొట్టు ముందు నిలబడి, వీధంతా వింటుండగా, "మొదలేదో కొసేదో తెలీనోడు వడ్రంగేట్రా? నా చెయ్యి తినేశావు," అన్నాడు. సూరి మారు మాట్లాడలేదు. పనిముట్ల సంచి బావ కొట్టు గుమ్మంలో పెట్టి వెళ్ళిపోయాడు. గుంజ తలకిందులుగా పాతే వడ్రంగికి ఆ బజార్లో పని ఎవరిస్తారు? ఆ తర్వాత అతను ఉలి పట్టగా చూసినవాళ్ళు లేరు.

అదీ వెనకటి కథ. ఇప్పుడు అదే సూరి, ఇటుకల మీద అడ్డంగా పడుకోబెట్టిన మద్ది గుంజ పక్కకి వచ్చి నిలబడ్డాడు. కాసేపు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. తర్వాత ఉండబట్టలేక వంగి, అరచేత్తో ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరాడు. ఒక ముడి దగ్గర చెయ్యి ఆగింది. బొటనవేలితో దాని చుట్టూ తడిమి చూశాడు.

"మంచి కర్ర," అన్నాడు ఎవరితోనూ కాకుండా.

పెరట్లో ఆ బిగింపు భరించలేక పూజిత మాట కలిపింది. "మావయ్యా, మీ హాల్లో కూడా పెళ్ళిళ్ళకి రాట వేస్తారా?"

"ఎయ్యకేటమ్మా! అది నా డ్యూటీయే. హాలంతా గ్రానైటు గదా, గొయ్యెక్కడ తవ్వుతాం? బకెట్టులో ఇసక పోసి, అందులో కర్ర గుచ్చి, చుట్టూతా పూలు కట్టేస్తాను. ఫొటోలు అయిపోయాక పక్కన పెట్టేస్తాం. సాయంత్రం ఇంకో పెళ్ళివారికి మళ్ళీ అదే బకెట్టు."

పూజిత పకపకా నవ్వింది. "గట్లనా! మా మన్మరాలి పెండ్లిల సుత బకెట్టే పెట్టిన్రు," అని శారదమ్మ కూడా నవ్వింది. సూరి నవ్వించడానికే చెప్పాడు. అప్పలలక్ష్మి మాత్రం నవ్వలేకపోయింది. చెక్కకి చెక్క అతికితే వెంట్రుక దూరేంత సందు లేకుండా అతికించిన తమ్ముడు, ఇసక బకెట్లో కర్ర గుచ్చుకుని బతుకుతున్నాడు. వాణ్ణి అక్కడికి పంపింది ఎవరో ఆవిడకి తెలుసు. తెలిసీ ఇన్నేళ్ళు అన్నం తింది, నిద్రపోయింది, పండక్కి కొత్త చీర కట్టుకుంది.

"వర్జ్యం వచ్చేస్తాది, కానీండి," అన్నాడు పోలరాజు గొయ్యితోనే చెబుతున్నట్టు.

అప్పలలక్ష్మి గొయ్యిలో పసుపు, కుంకుమ, నవధాన్యాలు వేసింది. శారదమ్మ చెంబు అందిస్తే పాలు పోసింది. అడుగున పరిచిన కంకర మీద పాలు తెల్లగా కాసేపు నిలబడి ఇంకిపోయాయి. గుంజ కొసకి మామిడాకులూ, నవధాన్యాలు మూటకట్టిన పసుపు గుడ్డా కట్టారు. సూరి గుంజని భుజానికెత్తి, మొదలు గొయ్యి అంచుకి ఆనించి, మెల్లగా పైకి లేపుకుంటూ వచ్చాడు. గుంజ గొయ్యిలోకి దిగి అడుగున దబ్బుమని కూచుంది. అతను రెండు చేతులూ దాని చుట్టూ వేసి నిలబెట్టి పట్టుకున్నాడు.

పోలరాజు గుంజ నిలువు చూసే తూకం గుండు దారం పట్టుకుని దూరంగా నిలబడ్డాడు. ఒక కన్ను మూశాడు. అప్పుడిక మాట్లాడక తప్పలేదు.

"ఇటు."

సూరి కొంచెం జరిపాడు. "చాలా?"

"ఇంకొంచెం. ఆగు. వెనక్కి రా. అదీ."

ఇన్నేళ్ళ తర్వాత ఆ ఇద్దరి మధ్యా నడిచిన మొదటి మాటలు ఇవి. క్షేమసమాచారాలు లేవు, కోపతాపాలు లేవు. పని మాటలే గాని, అవి నోట్లోంచి వస్తుంటే ఇద్దరూ పాతికేళ్ళ కుర్రాళ్ళలా ఒకే ఊపులో ఉన్నారు. చూస్తున్న పూజితకి సంతోషమేసింది. ఇంకో రెండు గమేళాల మట్టి పడి ఉంటే ఈ కథ ఇక్కడ హాయిగా ముగిసేదేమో. కానీ శారదమ్మ ఉందిగా. పాపం ఆవిడ తప్పేం లేదు, మంచి మనసుతోనే అంది.

"అయ్యో, ఆగుండ్రి ఆగుండ్రి! గిదేంది లక్ష్మమ్మా, గంత నల్లగున్నది కిందికి పెట్టిన్రు? పాలు పోసిన కాడ, పసుపేసిన కాడ నల్లటిది పెడ్తరా ఎవలన్న? ఇంక మన్ను పొయ్యలే గద. జెర బయటికి తీసి తిప్పి పెట్టుండ్రి. శుభం పూట మనసుల పరేషాన్ ఎందుకు?"

తారు నేల మట్టానికి జానెడు పైదాకా పూసి ఉంది. పసుపు చల్లిన మట్టి మధ్య ఆ నలుపు కొట్టొచ్చినట్టు కనబడుతోంది. అప్పలలక్ష్మి దాని వైపే చూస్తోంది. సూరి గుంజని పట్టుకునే, అక్క మొహం వైపు చూశాడు.

"అక్కెలా అంటే అలాగే," అన్నాడు.

ఆ పాత షెడ్డు వేసిన వేళ కూడా సరిగ్గా ఇదే మాట అన్నాడు. ఇదే గొంతుతో అన్నాడు. అప్పలలక్ష్మి ఇన్నేళ్ళుగా దాచుకున్నది ఇంకొక్క క్షణం కూడా లోపల ఉండనంది.

"తిప్పొద్దు," అంది. "తిప్పొద్దురా తమ్ముడా. ఓసారి తిప్పించినాను. చాలు."

పోలరాజు చేతిలో తూకం గుండు ఊగడం మొదలుపెట్టింది. "ఏటంటున్నావు?"

"ఆ వేళ తిప్పమన్నది నేనండి. వాడు కాదు." ఆవిడ భర్త వైపు తిరిగింది. "ఈ శారదమ్మ ఇప్పుడన్నట్టే నేనూ అన్నాను. శుభమా అని కొట్టు వెనక తొలి గుంజ వేస్తూ నల్లటిది లోనకి దించుతారేటని నాకు మనసొప్పలేదు. మీరు వచ్చినోళ్ళని పలకరిస్తా వీధిలో ఉన్నారు. వద్దక్కా, తారున్నదే కిందుండాల అని వాడు మొత్తుకున్నాడు. నేను వినలేదు. అక్కెలా అంటే అలాగే అని తిప్పేశాడు. పైకొచ్చిన నలుపు కనబడకుండా నేనే పసుపు పూసి, మావిడాకులు కట్టి, కొత్త గుడ్డ చుట్టేశాను. బావతో అనకురా, మంచి పూట కోప్పడతారు అన్నాను. వాడు అన్లేదు. మీరు వీధిలో నిలబెట్టి అంత మాటన్నప్పుడు కూడా అన్లేదు. నేను మన కొట్టు గుమ్మం లోపలే ఉండి అంతా విన్నాను."

"మరి నువ్వెందుకు చెప్పలేదమ్మా?" అంది పూజిత. ఆ గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ ఉంది.

"భయమేసిందే. మీ నాన్న చెయ్యి నా మూలంగా పోయిందంటే ఈ ఇంట్లో మొహమెలా చూపించుకోను? తమ్ముడే కదా, నాలుగు రోజులు పోతే సర్దుకుంటాది అనుకున్నాను. సర్దుకోలేదు. రోజులు గడిచేకొద్దీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది."

ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. శారదమ్మ పళ్ళెం కింద పెట్టేసి, తన నోరు తనే నొక్కుకుంది. ఏడుస్తున్న అక్కని పట్టుకోవాలని సూరికి ఎంత ఉన్నా, గుంజ వదిలితే పడిపోతుంది.

"ఊరుకో అక్కా," అన్నాడు అక్కడి నుంచే. "నువ్వన్నా పాతినోణ్ణి నేనే గదా. నాకు తెలీదా పడిపోద్దని? ఆ మర్నాడైనా బావ చెవిన వేసుంటే, పీకించి సరిగ్గా వేసుకునేవాడు. బావ చెయ్యి బావకి ఉండేది. నేను చెప్పలేదు. అందుకే ఆ పనిముట్లు మళ్ళీ ముట్టుకోబుద్ధి కాలేదు. బావ అన్నాడని కాదు. నాకే సిగ్గేసి మానేశాను."

ఆ మాట విని అప్పలలక్ష్మి ఏడుపు ఆగిపోయింది. కొంతమందికి తిట్లు తగిలితే నాలుగు రోజుల్లో మానిపోతాయి. సూరికి తగిలింది అది కాదు. ఒక్క మాట ముందే చెప్పి ఉంటే బావ చెయ్యి దక్కేదన్న ఆలోచనని అతను ఇన్నేళ్ళూ ఒంటరిగా మోశాడు.

కానీ పూజిత మావయ్య వైపు చూడటం లేదు. గుంజ కొస వైపు, అక్కడ కట్టిన మామిడాకుల వైపు చూస్తోంది. కొలతలు సరిపోనప్పుడు ప్లాను కాగితం ముందు ఆ పిల్ల నుదురు ముడిపడినట్టే ఇప్పుడూ ముడిపడింది.

"అమ్మా, ఆ మామిడాకులు ఎన్నాళ్ళుంటాయి?"

"ఏటే?"

"నువ్వు కట్టిన ఆకులు. ఎండిపోయి రాలిపోతాయి కదా. పసుపు మొదటి వానకే కడుక్కుపోతుంది. గుడ్డ కూడా చిరుగుతుంది." పూజిత మెల్లగా తండ్రి వైపు తిరిగింది. "షెడ్డు రెండో వానాకాలం దాకా నిలబడింది. నాన్నా, నువ్వు రోజూ ఆ గుంజ పక్కనే పనిచేసేవాడివి. పైన తారు ఉంటే నీకు కనిపించలేదా?"

అడిగిన పిల్లకి దాంట్లో ఏముందో అడిగాక గాని తెలియలేదు. అప్పలలక్ష్మికి వెంటనే తెలిసింది. సూరి గుంజకి ఇంకొంచెం దగ్గరగా జరిగి, బావ మొహంలోకి సూటిగా చూశాడు.

పోలరాజు అబద్ధం చెప్పొచ్చు. చూళ్ళేదమ్మా, పని గొడవలో ఎవరు తలెత్తి చూస్తారు అంటే చాలు. నమ్మడానికి అందరూ సిద్ధంగా ఉన్నారు. సూరి అయితే అందరికన్నా ముందు నమ్మేవాడు. పోలరాజు తూకం గుండు దారాన్ని ముడుచుకోని వేళ్ళకి చుట్టబోయి, అది చుట్టుకోక వదిలేశాడు.

"కనిపించింది," అన్నాడు.

"ఎప్పుడు?" అన్నది అప్పలలక్ష్మి.

"ఆకులు రాలగానే. కొట్టులో ఎవరూ లేరు. తలెత్తితే నల్లగా కనిపించింది." అతను కిందకి చూస్తూ మాట్లాడాడు. "అప్పుడే పీకించాల్సింది. పెట్టెల ఆర్డర్లు మీదున్నాయి, బదిలీల సీజను. షెడ్డు విప్పితే పనాగిపోద్ది. ముహూర్తం పెట్టి వేసిన రాట, పీకితే మంచిది కాదంటారని ఒక పక్క. సీజనయ్యాక చూద్దాంలే అనుకున్నాను. సీజనయ్యింది. వానల ముందు చూద్దాం అనుకున్నాను. అప్పుడప్పుడు అడుగున సుత్తితో తట్టి చూసేవాణ్ణి. గట్టిగానే ఉన్నట్టుండేది. తర్వాత్తర్వాత డొల్లగా పలికేది. ఈ వారం, పై వారం..."

"మరి నన్నెందుకు అన్నావు బావా?"

సూరి గొంతు పెంచలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. పోలరాజు మొదటిసారి తలెత్తి అతన్ని చూశాడు.

"చెయ్యి పోయింది సూరీ. తెలిసీ ఊరుకున్నానని తెలిస్తే పేరు కూడా పోద్ది. రెండూ పోతే నాకేటి మిగుల్తాది? పాతినోడివి నువ్వు. నువ్వేమో నోరెత్తలేదు. నీ మీదకి తోసెయ్యడం తేలికైపోయింది." తూకం గుండుని పక్కనున్న ఇటుక మీద పెట్టాడు. "తోసేశాక తీసుకోడం చేతకాలేదు. నీ సంచి కొట్టులోనే ఉంది. ఏటేటా ఉలులకి నూనె రాస్తాను. నీకు పంపుదామనే అనుకునేవాణ్ణి."

పూజిత గోడకి ఆనుకుని కూలబడింది. తండ్రి ఆ సంచిలోని ఉలులకి నూనె రాయడం ఆ పిల్ల చిన్నప్పటి నుంచీ చూసింది. అవి ఎవరివని ఎప్పుడూ అడగనందుకు ఇప్పుడు బాధపడింది.

సూరి చాలాసేపు గుంజకి నుదురు ఆనించి నిలబడ్డాడు. కోపం వచ్చిందో, దుఃఖం వచ్చిందో వెనక నుంచి చూసేవాళ్ళకి తెలియదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. అయినా చేతులు వదల్లేదు, గుంజ ఇంత కూడా ఒరగలేదు. ఎంతైనా చేతిపని తెలిసినవాడు.

"అక్కా, ఇలా రా," అన్నాడు చివరికి. "వచ్చి పట్టుకో. రెండు చేతులూ చుట్టూ వెయ్యి. కాళ్ళు ఎడంగా పెట్టు. ఆ... అలాగ. ఇప్పుడు బరువు నీ మీదకి వస్తాది, బెదిరిపోకు."

అప్పలలక్ష్మి గుంజని కావలించుకుంది. సూరి మెల్లగా చేతులు తీసేసి, చొక్కా మీద అంటిన పసుపు దులుపుకున్నాడు.

"బావా, నువ్వు ఈ పెరట్లో చెప్పింది బాగానే ఉంది. ఇక్కడున్నది మనవాళ్ళే. నన్నన్నది మాత్రం ఇక్కడ కాదు. హరికిషన్ కొట్టు ముందు, ఎక్కడ నిలబడి అన్నావో అక్కడే నిలబడి ఇదే చెప్పు. ఎవరు తిప్పారు, ఎవరు చూసి ఊరుకున్నారు, అంతా. ఆ కొట్టింకా ఉంది, ఆ మనుషుల్లో కొందరింకా ఉన్నారు. నీ కొట్టు కూల్చేసి, నువ్వు ఆ బజారు వదిలి వచ్చేశాక చెబుతానన్నా వినడానికి ఎవరూ ఉండరు. నేను ఇప్పుడు అక్కడికే ఎల్తున్నాను. నువ్వొస్తే ఇద్దరం తిరిగొచ్చి మట్టి వేద్దాం. రాకపోతే నీ రాట ఎవరిచేతైనా వేయించుకో."

"జెర ఆగు నాయినా, ముహూర్తం..." అని శారదమ్మ ఏదో అనబోయింది. సూరి ఆవిడకి నమస్కారం పెట్టి సందులోంచి వెళ్ళిపోయాడు. "మావయ్యా!" అంటూ పూజిత వెంట పరిగెత్తింది. గేటు బయట స్కూటర్ కిక్ కొట్టిన చప్పుడు వినిపించింది. బండి అందుకోలేదు. మళ్ళీ కొట్టాడు.

పోలరాజు చెప్పులు పెరటి గుమ్మం దగ్గరే ఉన్నాయి. అతను వాటి వైపు చూశాడు. ఒక అడుగు కూడా వేశాడు. రెజిమెంటల్ బజార్ గుర్తొచ్చింది కాబోలు. ఆ బజార్లో అతన్ని మేస్త్రీ అని పిలవనివాడు లేడు. ఉన్న ఒక్క చేత్తో ఇంత పని నడిపించాడని, కొత్త కుర్రాళ్ళకి అతన్నే చూపించి చెబుతారు. అడుగు వెనక్కి పడింది.

మట్టి గుట్ట పక్కన నింపిపెట్టిన గమేళా ఉంది. పోలరాజు వంగి దాన్ని రెండు చేతులా ఎత్తి, గొయ్యి దగ్గరికి నడిచాడు.

"ఏటి చేస్తున్నారు?" అంది అప్పలలక్ష్మి.

"వర్జ్యం వస్తాది. ముందిది కానీ. తర్వాత మాటాడుకోవచ్చు."

అవే మాటలు. సీజనయ్యాక, వానల ముందు, తర్వాత. అప్పలలక్ష్మి గుంజ మీద చెంప ఆనించి, ఆ మనిషిని కొత్తగా చూసినట్టు చూసింది. ఒకప్పుడు ఈ మనిషి కోపానికి భయపడి తమ్ముణ్ణి పోగొట్టుకుంది. ఇప్పుడు వెతికినా ఆ భయం కనబడలేదు.

"వెయ్యండి," అంది. "వేసి చూడండి. మీ చేతిలో మట్టి ఈ గోతిలో పడిన క్షణం నేను గుంజ వదిలేస్తాను. మీ మీద పడినా సరే, నా మీద పడినా సరే. ఈసారి మాత్రం నేను గుమ్మం లోపల నిలబడి వినను."

బయట స్కూటర్ ఎట్టకేలకి అందుకుంది. పూజిత ఏదో బతిమాలుతున్న గొంతు ఇంజను చప్పుడులో కలిసిపోయింది.

పోలరాజు గమేళా ఎత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెయ్యడానికి మనసు రాలేదు, దించడానికీ మనసు రాలేదు. మట్టి బరువంతా కుడి చేతి మీదకి వచ్చింది. ముడుచుకోని ఆ వేళ్ళ మీద నుంచి గమేళా అంచు కొంచెం కొంచెంగా జారుతోంది. ఆపాలని అతను వేళ్ళు బిగించబోయాడు. అవి బిగుసుకోలేదు. గమేళా గొయ్యి వైపు ఒరిగింది, మట్టి కదిలింది.

అప్పలలక్ష్మి ఆ మట్టి వైపే చూస్తూ, గుంజ చుట్టూ ఉన్న చేతుల్ని సడలించింది.